మిగిలినవాటితో రాత్రి భోజనం: ఏం పోయిందో చూసి అదే చేర్చండి

ఫ్రిజ్‌లో రెండు మూడు కప్పుల అన్నం, ఒక గిన్నెడు పప్పు, కాస్త వేపుడు, నాలుగు చపాతీలు ఉన్నాయి. తినేవాళ్లు నలుగురు. ఇలాంటి రాత్రి ఎవరికైనా వెంటనే తట్టేవి రెండు దారులు. ఒకటి, ఉన్నవన్నీ వేడిచేసి వరసగా పెట్టేయడం. అలా చేస్తే ఏదీ ఎవరికీ సరిపోదు. రెండోది, అన్నిటినీ ఒకే బాండీలో కలిపేయడం. అప్పుడు అన్నీ కలిసి ఏ రుచీ లేని ముద్దగా తయారవుతాయి.

మిగిలిన వంటకం ఒకసారి ఉడికిపోయినదే, దానికి మళ్లీ వంట అక్కర్లేదు. చల్లారి ఫ్రిజ్‌లో ఉన్నంతసేపట్లో దాన్నుంచి కొన్ని పోతాయి. అన్నం, చపాతీ మెత్తదనాన్ని, వేపుడు కరకరని, పప్పూ కూరా తాలింపు వాసనని పోగొట్టుకుంటాయి. ఏది పోయిందో గుర్తుపట్టి దాన్నే తిరిగి చేర్చడమే ఇక్కడ పని. దానికి తోడు ఒక్కటంటే ఒక్క పదార్థం అప్పటికప్పుడు తాజాగా చేస్తే చాలు, పళ్లెం నిండుగా ఉంటుంది.

ముందు, ఏది ఉంచాలి, ఏది పారేయాలి

ఈ మెట్టు దాటేయకండి. వాసన బాగుంటే చాలనుకోవడం పొరపాటు. ఆహారాన్ని కుళ్లబెట్టి కంపు తెచ్చే సూక్ష్మజీవులు వేరు, కడుపుకి హాని చేసేవి వేరు. రెండో రకం ఎంత పెరిగినా చాలాసార్లు రుచిలో, వాసనలో తేడా తెలియదు. కాబట్టి ముక్కును కాదు, గడియారాన్ని నమ్మాలి.

వండినది 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లి ఉండాలి. గది వేడి 32 డిగ్రీలు దాటే రోజుల్లో అయితే గంటలోపే. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉంటే పప్పు, కూరలు, మాంసం 3 రోజుల వరకు వాడుకోవచ్చు, మహా అయితే 4. పొద్దున్నుంచి పొయ్యి పక్కనే ఉండిపోయిన గిన్నెను సాయంత్రం ఎంత మరగబెట్టినా అది సరికాదు.

అన్నం విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. బియ్యంలో బ్యాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉంటాయి. అన్నం ఉడికే వేడికి కూడా అవి చావవు. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మేలుకుని పెరిగి విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం వేడికి విరగదు, అన్నాన్ని మళ్లీ ఎంత వేయించినా అలాగే ఉంటుంది. అందుకే అన్నాన్ని గంటలోపు వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాటికల్లా తినేయాలి, ఒక్కసారే వేడిచేయాలి. లోతైన గిన్నెలో నిండుగా ఉంచితే పైన చల్లబడినా నడుమ వేడి గంటలపాటు నిలుస్తుంది. ఏ పదార్థమైనా 5 సెంటీమీటర్ల మందానికి మించకుండా పరిస్తే త్వరగా చల్లారుతుంది.

వేడిచేసేటప్పుడు లోపలిదాకా 74 డిగ్రీలు చేరాలి. థర్మామీటర్ లేకపోతే ఇలా చూడండి: పులుసుగా ఉన్నది నడిమధ్యలో కూడా కుతకుత ఉడకాలి, గట్టిగా ఉన్నది మధ్యలో విడదీస్తే పొగలు రావాలి.

డబ్బాలన్నీ బయటపెట్టి లెక్క చూసుకోవడం

పొయ్యి వెలిగించే ముందు ఉన్నవన్నీ బల్లమీద పెట్టి మూతలు తీయండి. తలో చెంచా రుచి చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఉప్పు, తీపి తక్కువగా తెలుస్తాయి కాబట్టి ఇప్పుడు ఉప్పు సరిపోయిందా అని కాదు, పుల్లగా ఉందా, కారంగా ఉందా, దేని వాసన ముందుకొస్తోంది అని చూసుకోవాలి.

తర్వాత మూడు ప్రశ్నలు. కడుపు నింపేది ఏది? రాత్రి భోజనానికి పెద్దవాళ్లకు తలకి ఒకటిన్నర కప్పుల అన్నం పడుతుంది. నలుగురికి 5 నుంచి 6 కప్పులు కావాలి. మీ దగ్గర 3 కప్పులే ఉంటే రెండు మార్గాలు: ముప్పావు కప్పు నుంచి కప్పు బియ్యం కడిగి పెట్టేయడం (కప్పు బియ్యానికి సుమారు 3 కప్పుల అన్నం వస్తుంది), లేదంటే ఆ 3 కప్పుల్లో 2 కప్పుల కూరగాయ ముక్కలు, 3 గుడ్లు కలిపి పెంచడం. రెండో ప్రశ్న, రుచినిచ్చేది ఏది? అరకప్పు మిగిలిన మసాలా కూర నలుగురికి కూరగా చాలదు, కానీ అన్నానికి రుచి పట్టించడానికి బాగా చాలుతుంది. కొద్దిగా మిగిలినవాటిని కూరలుగా కాక మసాలాగా చూడటం అలవాటైతే సగం చిక్కు విడిపోతుంది. మూడోది, తాజాగా ఏం చేయాలి? మిగిలినవన్నీ మెత్తగా ఉంటే కరకరలాడేది ఒకటి చేయాలి. అన్నీ పొడిగా ఉంటే జారుగా ఉండేది చేయాలి. అన్నీ కారంగా ఉంటే దోసకాయ ముక్కలు, పెరుగు పెడితే సరి.

రెండు కూరలు కలపాలనిపిస్తే పులుపు చూడండి. పాలు, మీగడ, కొబ్బరిపాలు పోసిన కూరలో చింతపండో టమాటానో ఉన్న కూర కలిపి మరిగిస్తే విరిగే ప్రమాదం ఉంది. ఒకే రకం పులుపు ఉన్నవి, లేదా అసలు పులుపు లేనివి కలుస్తాయి. అనుమానంగా ఉంటే రెండు చెంచాలు చిన్న గిన్నెలో కలిపి వేడిచేసి చూడండి, ఒక్క నిమిషం పని.

అన్నం

చల్లారిన అన్నం గట్టిపడేది తడి ఆరిపోయినందువల్ల మాత్రమే కాదు. ఉడికినప్పుడు ఉబ్బిన పిండిపదార్థం చల్లబడ్డాక మళ్లీ బిగుసుకుంటుంది. కాస్త తడి, బాగా వేడి రెండూ కలిసి తగిలితే ఆ బిగువు వదులుతుంది. ఉత్త అన్నంగా తినాలంటే కప్పు అన్నానికి ఒక టేబుల్‌స్పూను నీళ్లు చిలకరించి, గడ్డలు విడదీసి, మూతపెట్టి ఆవిరి మీద 6 నుంచి 8 నిమిషాలు ఉంచండి. మైక్రోవేవ్‌లో అయితే కప్పుకి ఒకటిన్నర నిమిషం, నడుమ ఒకసారి కలిపి, తీశాక మూత తీయకుండా 2 నిమిషాలు ఆగాలి. మైక్రోవేవ్ వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తగులుతుంది, ఆ ఆగే సమయంలోనే అది అంతటా సర్దుకుంటుంది.

వేయించడానికి మాత్రం ఆ బిగువే కావాలి. వేడి అన్నం బాండీలో వేస్తే ముద్దవుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం మెతుకు మెతుకుగా నిలుస్తుంది. నలుగురికి కొలత: 4 కప్పుల చల్లటి అన్నం, ఒకటిన్నర కప్పుల సన్నగా తరిగిన కూరగాయలు, 3 గుడ్లు, 3 టేబుల్‌స్పూన్ల నూనె. గడ్డలను తడిచేత్తో ముందే విడదీయండి, బాండీలో గరిటెతో పొడిస్తే మెతుకులు విరిగి జిగురు వస్తుంది. గుడ్లు ముందు వేయించి తీసేయండి. తర్వాత కూరగాయలు పెద్దమంట మీద 3 నిమిషాలు వేయించి అవీ తీసేయండి. అప్పుడు అన్నాన్ని రెండు విడతలుగా వేయండి. ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే. 4 కప్పుల అన్నం ఒక్కసారి పడితే మామూలు ఇంటి పొయ్యి మీద బాండీ చల్లబడిపోతుంది, అన్నం వేగదు, తన ఆవిరిలో తనే మెత్తబడుతుంది. ఒక్కో విడతా పరిచి 40 సెకన్లు కదపకుండా వదిలి, తర్వాత తిరగేయండి. అన్నంలో ఉప్పు లేకపోతే మొత్తానికి ఒక టీస్పూను పడుతుంది. మిగిలిన కూర కలుపుతున్నారంటే పావు టీస్పూనుతో మొదలుపెట్టి చివర్లో చూసి వేసుకోండి.

పొడికూర అయితే 4 కప్పుల అన్నానికి ఒకటిన్నర కప్పు. గ్రేవీ కూర అయితే ముందు దాన్ని విడిగా ఇగరబెట్టాలి, నూనె అంచుల్లో తేలేదాకా. అప్పుడు ముప్పావు కప్పు గ్రేవీ 3 కప్పుల అన్నానికి సరిపోతుంది. ఇగరబెట్టకుండా పోస్తే తడిసిన అన్నమే మిగులుతుంది.

అన్నం అసలే మెత్తగా, ముద్దగా ఉడికినదైతే వేయించే ప్రయత్నం చేయకండి, అది కుదరదు. 2 కప్పుల మెత్తటి అన్నాన్ని చేత్తో మెదిపి, ముప్పావు కప్పు బియ్యప్పిండి, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరప, జీలకర్ర, అర టీస్పూను ఉప్పు కలపండి. నీళ్లు ముందే పోయకండి. అన్నంలోనే తడి ఉంటుంది, 5 నిమిషాలు ఆగితే పిండి దాన్ని పీల్చుకుంటుంది, అప్పుడు చాలకపోతే చెంచా చెంచాగా చల్లుకోవాలి. నూనె రాసిన పెనం మీద అర సెంటీమీటరు మందంలో తట్టి, మూతపెట్టి ఒకవైపు 4 నిమిషాలు, తిప్పి 3 నిమిషాలు కాల్చండి. తిప్పేటప్పుడు విరిగిపోతోందంటే కింద ఇంకా కాలలేదని అర్థం. అంచులు వాటంతటవే లేచేదాకా అట్లకాడ పెట్టకండి.

పప్పు, గ్రేవీలు

ఫ్రిజ్‌లో పప్పు గడ్డకట్టడం సహజం. అలాగే పొయ్యి మీద పెడితే నడుమ చల్లగా ఉండగానే అడుగంటుతుంది. 2 కప్పుల పప్పుకి అర నుంచి ముప్పావు కప్పు వేడినీళ్లు పోసి, మంట పెట్టక ముందే గరిటెతో మెదపండి. సన్నని సెగ మీద మొదలుపెట్టి, అడుగు గీకుతూ కలుపుతూ, మరుగు వచ్చాక 3 నిమిషాలు ఉంచండి. నీళ్లు చేరాయి కాబట్టి ఉప్పు ఇప్పుడు చూడాలి.

ఇక తాలింపు. నిన్నటి తాలింపులో వెల్లుల్లి, జీలకర్ర, ఇంగువ వాసనలు చాలావరకు ఎగిరిపోయి ఉంటాయి. పప్పు చప్పగా అనిపించేది అందుకే, ఉప్పు తక్కువై కాదు. ఒక టేబుల్‌స్పూను నెయ్యి, అర టీస్పూను ఆవాలు, అర టీస్పూను జీలకర్ర, 4 వెల్లుల్లి రెబ్బలు, 2 ఎండుమిరపకాయలు చాలు. వెల్లుల్లి లేత బంగారు రంగుకి రాగానే దించి పప్పులో వేసి వెంటనే మూతపెట్టండి. వెల్లుల్లి ముదురు గోధుమరంగుకి పోతే చేదెక్కుతుంది, అప్పుడు దాన్ని పారేసి కొత్తది పెట్టుకోవడమే మేలు.

పప్పు తక్కువగా ఉంటే నీళ్లొక్కటే పోసి పెంచకండి. 2 కప్పుల పప్పుకి 2 టమాటాలు, రెండు గుప్పెళ్ల ఆకుకూర, 2 కప్పుల నీళ్లు చేర్చి 10 నిమిషాలు ఉడికిస్తే నలుగురికి సరిపడా జారుగా తయారవుతుంది. క్యారెట్, బంగాళాదుంప కూడా వేయాలనుకుంటే అవి ముందు నీళ్లలో ఉడికి మెత్తబడ్డాకే టమాటా వేయాలి. పులుపు తగిలితే కూరగాయలు మెత్తబడటం బాగా మందగిస్తుంది. అరగంట ఉడికినా దుంప గట్టిగానే ఉందంటే కారణం చాలాసార్లు అదే.

పెరుగు వేసిన కూరలను అలాగే మరిగిస్తే విరుగుతాయి. కప్పుకి ఒక టీస్పూను శనగపిండి కాసిని చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి ముందు అందులో పోసి, సన్నని సెగ మీద కలుపుతూ నడుమ కూడా కుతకుత ఉడికేదాకా వేడిచేయండి.

వేపుళ్లు, చపాతీలు, బ్రెడ్డు

వేపుడు మెత్తబడేది లోపలి తడి పైపెచ్చులోకి చేరడం వల్ల. దాన్ని బయటికి పంపాలి. అందుకని మూత పెట్టకూడదు, మైక్రోవేవ్‌లోనూ పెట్టకూడదు. వెడల్పాటి పెనంలో ఒకే వరసగా పరిచి, నూనె లేకుండా మధ్యస్థ మంట మీద 5 నిమిషాలు. ఆవిరి రావడం తగ్గాక కావాలంటే అర చెంచా నూనె.

చపాతీ పని దీనికి తిరగబడి ఉంటుంది, దానికి తడి చేర్చాలి. రెండువైపులా తడిచేత్తో తుడిచి, బాగా కాగిన పెనం మీద వైపుకి 20 సెకన్లు ఉంచి, గుడ్డలో ఒకదానిమీద ఒకటి పేర్చండి. పెనం సరిగా కాగకపోతే వేడెక్కేలోపే తడి ఆరిపోయి అప్పడంలా అవుతుంది. అలా గట్టిపడినవాటిని సన్నటి పట్టీలుగా కోసి, ఉల్లిపాయతో వేయించి, చివరి 2 నిమిషాల్లో మాత్రమే గ్రేవీ పోయండి. 6 చపాతీలకు ఒక కప్పు. ముందే పోస్తే నానిపోయి ముద్దవుతాయి.

బ్రెడ్డు గది వేడిలోకన్నా ఫ్రిజ్‌లోనే త్వరగా గట్టిపడుతుంది, కాల్చుకుంటే మళ్లీ మెత్తబడుతుంది. బూజు చుక్క కనిపిస్తే ఆ ముక్కే కాదు, పొట్లమంతా పారేయండి.

మాంసం, చేపలు, గుడ్లు

వండిన మాంసాన్ని మళ్లీ ఉడికిస్తే అందులో ఉన్న కాస్త తడీ పిండుకుపోయి పీచుపీచుగా మారుతుంది. గ్రేవీని ముందు విడిగా మరిగించి, ముక్కలను ఎముకనుంచి తీసి చిన్నవిగా చేసి అందులో వేసి, 3 నుంచి 4 నిమిషాలు, లోపలిదాకా వేడెక్కేవరకే ఉంచండి. నిలవున్న మాంసానికి వచ్చే ఒక రకమైన పాత వాసన కొవ్వుకి గాలి తగలడం వల్ల పుడుతుంది. గ్రేవీలో మునిగి ఉన్న ముక్కలకు అది తక్కువ, విడిగా ఉంచినవాటికి ఎక్కువ. అల్లం, మిరియాలు, చివర్లో నిమ్మరసం ఆ వాసనను బాగా అణచివేస్తాయి. చేప కూరను గరిటెతో కలపకండి, గిన్నె పట్టుకుని ఊపండి.

ఏదీ సరిపోని రోజున ఆదుకునేవి గుడ్లే. 6 గుడ్లు, 2 కప్పుల మిగిలిన పొడికూర, 25 సెంటీమీటర్ల పెనం. గుడ్లలో అర టీస్పూనుకన్నా తక్కువ ఉప్పు వేసి గిలక్కొట్టండి, కూరలో ఎలాగూ ఉప్పుంది. కూరను పెనంలో వేసి తడి ఆరేదాకా వేయించాకే గుడ్లు పోయాలి. తడి ఉంటే అది గుడ్డు కింద నీళ్లుగా చేరి అడుగు అంటుకుంటుంది. మూతపెట్టి సన్నని సెగ మీద 8 నుంచి 10 నిమిషాలు, పైన కూడా గట్టిపడేదాకా.

పని ఏ వరసలో

బియ్యం పెట్టాల్సి ఉంటే అదే మొదటి పని. అది ఉడుకుతుండగా కూరగాయలు తరగండి. పప్పుకి నీళ్లు కలిపి సన్నని సెగ మీద పెట్టండి, దాన్ని మూతపెట్టి దించినా పావుగంట వేడిగా ఉంటుంది. తర్వాత తాజాగా చేసేది. వేపుడు, చపాతీలు, తాలింపు, అందరూ కూర్చోవడానికి 5 నిమిషాల ముందు. కరకరలాడేదాన్ని ముందే వేడిచేసి మూతపెడితే చేసినదంతా వృథా. ఈ వరస కుదిరితే మొత్తం 35 నిమిషాలకు మించదు.

రుచి తప్పితే

ఉప్పెక్కువైతే దుంప ముక్క వేసి తీసేస్తే పోదు. దుంప తను పీల్చుకున్న నీళ్లలో ఉన్నంత ఉప్పునే తీసుకుంటుంది, కూరలో ఉప్పు పాళ్లు మారవు. పరిమాణం పెంచడమే మార్గం: ఉప్పులేని ఉడికిన దుంప, పప్పు, నీళ్లు చేర్చి, వాటిని కూరలోనే ఉంచేయాలి. కారం ఎక్కువైతే నీళ్లు పనిచేయవు, మిరపలోని మంట కొవ్వులో కరిగేది. నెయ్యి, మీగడ, పెరుగు పనిచేస్తాయి. పులుపెక్కువైతే చిటికెడు బెల్లమో పంచదారో. ఉప్పూ కారమూ సరిగ్గానే ఉన్నా ఏదో లోటుగా ఉంటే అది సాధారణంగా పులుపూ తాజా వాసనా. స్టవ్ ఆపాక అరచెక్క నిమ్మరసం, గుప్పెడు కొత్తిమీర. స్టవ్ మీద ఉండగా వేస్తే ఆ వాసన నిలవదు.

వేడిచేసే ముందే ఆ పూటకి కావలసినంత మాత్రం వేరే గిన్నెలోకి తీసుకోండి. మిగతాది చల్లగానే ఫ్రిజ్‌లోకి తిరిగి వెళ్లాలి, వండిన రోజునుంచి లెక్కేసి 3 రోజులు, మహా అయితే 4, అన్నమైతే మర్నాడు దాటకుండా అయిపోవాలి. ఈ పూట వేడిచేశాక మిగిలిన అన్నాన్ని మళ్లీ దాచకండి. తాజాగా వండుతున్నప్పుడు కూడా, మిగిలేలా ఉందనిపిస్తే తాలింపూ నిమ్మరసమూ కలపకముందే ఒక భాగం తీసి డబ్బాలో పెట్టి, మూతమీద తేదీ రాయండి. అలా ఉంచిన పప్పు మర్నాడు ఆకుకూరతోనైనా, టమాటాతోనైనా కలుస్తుంది.